రంగూన్ తాత, రాసిపెట్టిన నాయనమ్మ: ఒక ఇంటి పాత పుస్తకాల కేస్ స్టడీ

నేను చేసే పని ఇళ్లల్లో మిగిలిపోయిన పాత పుస్తకాలు, కాగితాలు చదివి ఆ కుటుంబానికి వాళ్ల కథ కట్టి ఇవ్వడం. ఇది కాకినాడ దగ్గర ఒక ఊళ్లో ఇల్లు అమ్మేసే ముందు నా దగ్గరకొచ్చిన కేసు. వాళ్ల అనుమతితోనే రాస్తున్నా, పేర్లు, ఊరు మాత్రం చెప్పను. పిలిచినావిడ రిటైరైన టీచర్ గారు, అరవై దాటాయి, తమ్ముడు అమెరికాలో ఉంటాడు. ఆవిడ అడిగింది ఒక్కటే: "మా తాతగారు రంగూన్‌లో బాంబులప్పుడు పోయారంటారు, ఆయన పంపిన డబ్బుతోనే మా పొలం కొన్నారంటారు, దీన్లో ఏదైనా కాగితం ఆధారం దొరుకుతుందేమో చూడండి, మా తమ్ముడి పిల్లలకి రాసివ్వాలి."

తాత అంటే నాన్నగారి నాన్న. ఆయన పోయేటప్పటికి వాళ్ల నాన్నగారు చిన్నపిల్లాడు. నాయనమ్మ మాత్రం 1970ల దాకా ఉంది, టీచర్ గారికి బాగా గుర్తు.

ఇంట్లో రెండు రకాల కాగితాలున్నాయి. బీరువాలో బట్ట సంచిలో జాగ్రత్తగా కట్టినవి: దస్తావేజులు, శిస్తు రసీదులు, జాతకాలు, కొన్ని రంగూన్ కవర్లు. వీటినే కుటుంబం "మా కాగితాలు" అంటుంది. రెండోది అటక మీద ట్రంకు పెట్టె, దాన్లో పారాయణ పుస్తకాలు, అట్టలు ఊడిపోయిన పంచాంగాలు, ఒక ఎక్కాల పుస్తకం, నాయనమ్మ మామగారి కాలం నాటి చిట్టా ఆవర్జాలు (రోజువారీ, ఖాతాల లెక్కల పుస్తకాలు), ఇంటి ఖర్చు రాసుకున్న నోటు పుస్తకాలు. ఈ ట్రంకు పెట్టెని పాత పేపర్లకి వేసేద్దామని పక్కన పెట్టారు. నేను ప్రతి ఇంట్లోనూ ముందు అడిగేది ఇదే, "పారేద్దామనుకున్నవి ఎక్కడున్నాయి?" అని, ఎందుకంటే దస్తావేజు రాసేది కోర్టులో నిలబడటానికి, దాన్లో ఇంటి సంగతి ఉండదు, ఇంటి సంగతంతా పంచాంగం అంచుల్లోనూ పుస్తకం మొదటి ఖాళీ పేజీలోనూ ఉంటుంది, వాటినేమో ఎవరూ కాగితాలుగా లెక్కెయ్యరు.

అసలు పంచాంగం అనేది ఉగాదికి కొని మళ్లీ ఉగాదికి పక్కన పడేసే వస్తువు. అలాంటిది ఒక ఇంట్లో వరసగా ఏళ్ల తరబడి దాచారంటే దాన్లో ఎవరో ఏదో రాసుకున్నారని అర్థం. ఇంకో కారణం నాకింతవరకు ఏ ఇంట్లోనూ కనపడలేదు.

ముందు ఏదీ కదపకుండా ఫోటోలు తీశా. పెట్టెలో పైనుంచి కింద దాకా ఏది దేని మీద ఉందో, ఏ పుస్తకంలో ఏ పేజీల మధ్య ఏ చీటీ ఉందో అన్నీ, చీటీని తియ్యక ముందు ఒకటి, తీశాక రెండు వైపులా, ప్రతిదానికీ పెన్సిల్‌తో చిన్న నంబరు వెనక మూల మీద. పెన్నుతో రాయకూడదు, సెలోటేప్ వెయ్యకూడదు, లామినేషన్ అసలే వద్దు. తడిబట్టతో తుడవడం కూడా వద్దు, పాతకాలం కాపీయింగ్ పెన్సిల్‌తో రాసినవి తడి తగిలితే ఊదారంగులో ఊరిపోతాయి, ఇంకంతే. చీటీ ఎక్కడుందనేది ఎందుకంత పట్టించుకుంటానంటే, బీరువాలో సంచిలో ఉన్న ఉత్తరాలు ఎప్పుడో ఎవరో పుస్తకాల్లోంచి తీసి ఒక్కచోట కట్టినవి, చూడటానికి బాగుంది కానీ ఏది ఎక్కడిదో తెలిసే దారి పోయింది. ట్రంకు పెట్టెలో వాటికి ఆ గతి పట్టలేదు.

ఇప్పుడు తారీఖుల సంగతి, ఈ పనిలో సగం అదే. ఆ ఒక్క ఇంట్లోనే మూడు లెక్కలున్నాయి. దస్తావేజుల మీద ఇంగ్లీషు తేదీ. శిస్తు రసీదుల మీద ఫసలీ (శిస్తు లెక్కకి వాడే సంవత్సరం), అంటే ఫసలీ 1351 అని ఉంటే 590 కలపాలి, 1941 జులై నుంచి 1942 జూన్ దాకా అన్నమాట. (ఇది మద్రాసు ప్రెసిడెన్సీ వైపు సంగతి, హైదరాబాద్ సంస్థానంలో ఫసలీ అక్టోబరులో మొదలయ్యేది, తెలంగాణ కుటుంబాల కాగితాలు చూసేవాళ్లు ఆ తేడా గుర్తు పెట్టుకోవాలి.) ఇంట్లో రాతలన్నీ మాత్రం సంవత్సరం పేరు, మాసం, తిథి, వారం. అరవయ్యేళ్లకోసారి పేరు తిరిగి వస్తుంది కాబట్టి పారాయణ పుస్తకం మొదటి పేజీలో "శుభకృత్ నామ సంవత్సరం... ఆడ శిశువు" అని ఉంటే అది 1902-03 కావచ్చు, 1962-63 కావచ్చు, 1842-43 కూడా కావచ్చు. టీచర్ గారి ఇంట్లో 1962-63లో పుట్టిన ఆడపిల్ల లేదు, ఆ పుస్తకం నాయనమ్మ పుట్టింటి నుంచి వచ్చిందని అందరూ చెప్పారు, కాగితం చూస్తే 1842 నాటిది కాదు, అలా అది నాయనమ్మ పుట్టుక అని తేలింది. ఆవిడ పుట్టిన ఏడు అప్పటిదాకా ఇంట్లో ఎవరికీ తెలీదు.

ఇంకో చిక్కు, ఉగాది మార్చి, ఏప్రిల్‌లో వస్తుంది కాబట్టి మాఘ ఫాల్గుణాలు ఇంగ్లీషు లెక్కలో తర్వాతి ఏడులో పడతాయి. వృష అంటే 1941-42, కానీ వృష ఫాల్గుణం అంటే 1942. జనం ఇక్కడే ఒక ఏడు తప్పుతుంటారు. అట్ట ఊడిన పంచాంగం ఏ ఏటిదో తెలియకపోతే అధిక మాసం ఏది పడింది, గ్రహణాలు ఎప్పుడు అని చూస్తా, ఆ రెండూ కలిస్తే ఏ ఏడో చాలావరకు తేలుతుంది.

సరే, తాతగారి విషయం. టీచర్ గారిని అడిగిన మొదటి ప్రశ్న తద్దినం ఏ తిథికి పెడతారని. ఇది చాలామంది మర్చిపోయే ఆధారం, పోయిన ఏడు ఎవరికీ గుర్తుండకపోయినా తిథి మాత్రం తరాల తరబడి తప్పకుండా నిలబడుతుంది. వాళ్ల పెదనాన్న గారబ్బాయి ఇంకా పెడుతున్నాడు, వైశాఖ అమావాస్య. వెంటనే రెండు విషయాలు తట్టాయి. ఒకటి, రంగూన్ మీద మొదటిసారి బాంబులు పడింది 1941 డిసెంబరు 23న, అది పుష్యమాసం, వైశాఖానికి ఏ సంబంధమూ లేదు. రెండోది, మాసం తెలిసి రోజు తెలియకపోతే అమావాస్య నాడు పెట్టడం అనేది ఆచారం. వాళ్ల పురోహితుడు గారిని అడిగితే ఆయనా అదే అన్నారు. అంటే ఆ కుటుంబానికి ఆయన ఏ నెలలో పోయాడో తెలుసు, ఏ రోజో తెలీదు. నిజంగానే అమావాస్య నాడు పోయి ఉండొచ్చు కూడా, కాబట్టి దీన్ని ఆధారంగా కాక దారిగా మాత్రమే పెట్టుకున్నా.

తర్వాత రంగూన్ కవర్లు. వీటినే కుటుంబం తాతగారి ఉత్తరాలని దాచుకుంది. చాలావాటి స్టాంపులు ఎప్పుడో ఎవరో పిల్లాడు కత్తిరించేసుకున్నాడు, కొన్నిటికి మిగిలాయి. మిగిలినవాటన్నిటి మీదా ఇండియా స్టాంపు పైన నల్లగా బర్మా అని అచ్చు ఉంది. బర్మాని ఇండియా నుంచి వేరు చేసింది 1937 ఏప్రిల్ 1న, ఆ స్టాంపులు వచ్చింది అప్పుడే, అంతకుముందు రంగూన్‌లో కూడా మామూలు ఇండియా స్టాంపులే అంటించేవాళ్లు. లోపలున్న ఉత్తరాలేమో "వదినగారికి నమస్కారములు" అని మొదలవుతున్నాయి. మొగుడు పెళ్లానికి రాసే ఉత్తరం కాదది. మరిది రాసినవి. తాతకి ఒక తమ్ముడున్నాడని, ఆయనా రంగూన్‌లో ఉండి వచ్చాడని టీచర్ గారికి లీలగా తెలుసు, ఆయనకి పిల్లల్లేరు, అందుకని ఆయన కథ చెప్పేవాళ్లు ఎవరూ మిగల్లేదు.

మరి తాత రాసినవి ఏవి? ఉత్తరాలు ఒక్కటీ లేవు. మనియార్డరు కూపన్లు మాత్రం ఉన్నాయి, డబ్బు తీసుకున్నాక కింద ముక్క చించి మన చేతికిచ్చేవాళ్లే, అవి. పారాయణ పుస్తకాల్లో పేజీ గుర్తుకి పెట్టుకుంది నాయనమ్మ. వెనక రెండు ముక్కలు, "క్షేమం. పిల్లవాడికి జ్వరం తగ్గినదా" ఇలాంటివి. తాత రంగూన్ రేవులో ఒక మేస్త్రీ దగ్గర గుమస్తా, కూలీల హాజరు, కూలి లెక్క రాసేవాడు, అది ఒక కూపన్ మీద ఆయనే రాసుకున్నాడు, "మేస్త్రీ గారు జీతం పెంచినారు" అని. పోస్టు ముద్రలు చదవగలిగినంత వరకు 1926 నుంచి 1930 ఏప్రిల్ దాకా దాదాపు నెలనెలా ఉన్నాయి. ఏప్రిల్ తర్వాత లేవు.

1930 మే అనగానే రంగూన్ చరిత్ర కొంచెం తెలిసినవాళ్లకి గుండె ఆగుతుంది. కోరంగి, కాకినాడ, విశాఖ రేవుల నుంచి వెళ్లిన మనవాళ్లని బర్మాలో కోరంగీలనేవాళ్లు, రంగూన్ రేవులో మూటలు మోసేది ఎక్కువగా తెలుగు కూలీలే. ఆ మే నెలలో కూలి పెంచాలని వాళ్లు సమ్మె చేశారు, ఓడల కంపెనీలు బర్మీయుల్ని పెట్టుకున్నాయి, సమ్మె తీరగానే వాళ్లని తీసేసి మళ్లీ తెలుగువాళ్లని పిలిచాయి, మే 26న అల్లర్లు మొదలై కొన్ని రోజులు సాగాయి, తెలుగు కూలీలు చాలామంది చచ్చిపోయారు. ఆ సంవత్సరం ప్రమోదూత. వైశాఖ అమావాస్య పడింది మే 28న.

ప్రమోదూత పంచాంగం ట్రంకు పెట్టెలో ఉంది. ఆ పుస్తకాన్ని నేను చాలాసేపు చూశా, మీకూ చూపించాలనుంది. కాగితం పచ్చబడి అంచులు పొడి రాలుతున్నాయి, కుడి అంచు ఖాళీలో నల్ల సిరాతో రాతలు. చైత్రమంతా మామగారి రాత, కరణాల గొలుసుకట్టు, కలం ఎత్తకుండా అక్షరానికి అక్షరం ముడేసుకుపోయే రాత, పదానికీ పదానికీ మధ్య జాగా ఉండదు: ఆవు ఈనింది, విత్తనాలు ఎన్ని కుంచాలు ఇచ్చాం, ఎవరికి ఎంత బదులు. వైశాఖంలోనూ అదే. జ్యేష్ఠ శుద్ధ దశమికి ఎదురుగా, అంటే జూన్ మొదటి వారం, రెండే మాటలు, గొలుసుకట్టులో కాదు, విడివిడిగా, పలక మీద దిద్దినట్టు గుండ్రంగా: "రంగూను కబురు." తర్వాత ఆషాఢం ఖాళీ. శ్రావణం ఖాళీ. భాద్రపదం, ఆశ్వయుజం ఖాళీ. కార్తీకంలో మళ్లీ రాతలు మొదలయ్యాయి, అన్నీ ఆ గుండ్రటి రాతలోనే. మామగారి రాత ఆ పుస్తకంలోనే కాదు, ఆ తర్వాత ఏ పుస్తకంలోనూ కనపడదు.

ఎవరిదా గుండ్రటి రాత? ఇల్లంతా మగవాళ్ల పేర్లే చెప్పింది, పెద్ద మేనమామ అన్నారు, పంతులు అన్నారు. ఆ రాతలో మాట్లాడే భాష ఉంది, "ఆదోరం", "సుక్కురోరం", శనివారాన్ని "సనివారం". అంకెలు తెలుగు అంకెలు. మొగుడు సంగతొస్తే "ఆరు" (అంటే వారు) అని ఉంటుంది, పేరుండదు. తెలుగింట్లో మొగుణ్ణి "ఆరు" అనేది ఎవరు? కానీ ఊహ సరిపోదు, ఖాయం చెయ్యాలంటే ఆ రాత ఎక్కడో సంతకంతో దొరకాలి.

బీరువా దస్తావేజుల్లో దొరికింది. పొలం కొన్న క్రయ దస్తావేజు, 1936, ధాత నామ సంవత్సరం. కొన్నది తాత కాదు, అప్పటికి ఆయన పోయి ఆరేళ్లు. మైనరు కొడుకు పేరున, అతని తరఫున గార్డియను తల్లి. అప్పట్లో భర్త ఆస్తిలో విధవకి వాటా ఇచ్చిన 1937 చట్టం ఇంకా రాలేదు, కొడుకుంటే ఆస్తి కొడుకుదే, తల్లి కాపలా. దస్తావేజులో సాక్షుల్లో ఒకరు నిశాని (సంతకం బదులు గుర్తు) పెట్టారు, ఇంకొకరు వేలిముద్ర వేశారు, ఈవిడ సంతకం చేసింది, పూర్తి పేరు, అదే గుండ్రటి చెయ్యి, అదే తలకట్టు అక్షరానికి అంటకుండా పైన విడిగా పెట్టిన గీత. పంచాంగంలో అదే రోజు దగ్గర "రిజిస్ట్రీ అయింది, ౬౦ సెంట్లు". రెండూ పక్కపక్కన పెట్టి వాట్సాప్‌లో పంపిస్తే టీచర్ గారు ఫోన్ చేసి చాలాసేపు మాట్లాడలేదు, తర్వాత అన్నారు, "మా నాయనమ్మ చదవడం చూశాను గానీ రాయడం ఎప్పుడూ చూడలేదండి." గోదావరి జిల్లాలో ఆడపిల్లకి అక్షరాలు రావడం అప్పటికి వింతేం కాదు, ధవళేశ్వరంలో కందుకూరి వీరేశలింగం ఆడపిల్లల బడి పెట్టింది 1874లో. వింత ఏంటంటే ఆవిడ రాసిందని ఇంట్లో ఒక్కరికీ గుర్తు లేకపోవడం.

డబ్బు ఎక్కడిది మరి? దీనికి జవాబు నోటు పుస్తకాల్లో ఉంది, నేనైతే మొత్తం కేసులో వీటినే ఎక్కువ విలువైనవిగా చూస్తా. "నెయ్యి అర్ధవీశె ౧౦ అ." (అ అంటే అణాలు) "పిడకలు ౨ అ." "విస్తళ్లు వంద ౩ అ." వరసగా పేజీలకి పేజీలు, నెల చివర మొత్తం, దాని పక్కన వడ్డీకి ఇచ్చిన ధాన్యం కుంచాల్లో, తిరిగొచ్చినదానికి అడ్డగీత. ప్రతి ఉగాదికీ ఒక మొత్తం ముందుకి తెచ్చి రాసింది. 1931 నుంచి 1936 దాకా ఆ మొత్తాల్ని వరసగా రాసుకుంటూ వెళ్తే రిజిస్ట్రీ అయిన నెలలో ఒక్కసారిగా ఖాళీ అవుతుంది, ఆ తగ్గిన మొత్తం దస్తావేజులో రాసిన ధరకి సరిగ్గా సరిపోయింది, స్టాంపు ఖర్చు, వ్రాయసకాడికిచ్చిన కూలితో సహా. రంగూన్ డబ్బు దాన్లో ఒక్క రూపాయి లేదు. మనియార్డర్ల డబ్బు మామగారి అప్పులకి పోయింది, అదీ లెక్క ఉంది.

నిర్ధారణ కోసం దస్తావేజు నంబరు, సంవత్సరం పట్టుకుని సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో సర్టిఫైడ్ కాపీకి పెట్టించాను. ఈసీలు (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితాలు) ఆన్‌లైన్‌లో చూసేది 1983 తర్వాతవే, అంతకు ముందువాటికి ఆఫీసుకి వెళ్లి వాల్యూములు తీయించాలి, ఓపిక కావాలి. ఊరి డైగ్లాట్ రిజిస్టర్‌లో (సర్వే నంబర్ల వారీగా భూమి ఎవరిదో రాసిన పాత రెవెన్యూ పుస్తకం) ఆ సర్వే నంబరు అంతకుముందు ఎవరి పేరున ఉందో చూస్తే అమ్మినవాళ్ల ఇంటిపేరు కూడా కలిసింది.

ఇక "బాంబులప్పుడు పోయాడు" అనే మాట ఎక్కడ నుంచి వచ్చింది? కుటుంబ కథ తప్పని తేలగానే చాలామంది దాన్ని పక్కన పడేస్తారు, నేను పడెయ్యను, ఎవరూ ఊరికే కల్పించరు, ఎక్కడో ఒక నిజం పక్కకి జరిగి ఉంటుంది. వృష పంచాంగంలో ఫాల్గుణ పూర్ణిమ దగ్గర నాయనమ్మ రాసింది: "పున్నం గ్రహణం. మరిదిగారు వచ్చేరు. కాళ్లు పుళ్లు. ముందు పాలు పట్టేను." ఆ గ్రహణం సరిచూశాను, 1942 మార్చి 3 తెల్లవారుజామున సంపూర్ణ చంద్రగ్రహణం, అచ్చులోనూ ఉంది, ఆకాశంలోనూ పట్టింది. డిసెంబరు బాంబుల తర్వాత బర్మా నుంచి లక్షల మంది మనదేశం వాళ్లు బయల్దేరారు, ఓడ దొరికినవాళ్లు ఓడ, దొరకనివాళ్లు అరకాన్ కొండలు దాటి చిట్టగాంగ్ వైపు నడక, ఆ మరిది, అంటే టీచర్ గారి చిన్నతాత, ఆ నడిచినవాళ్లలో ఒకడు. ఆయన ఇల్లు చేరిన అయిదు రోజులకి, మార్చి 8న జపాన్ సైన్యం రంగూన్‌లోకి వచ్చింది. ఏప్రిల్ 6న విశాఖ మీద, కాకినాడ మీద కూడా బాంబులు పడ్డాయి, చిత్రభాను పంచాంగంలో చైత్ర బహుళంలో అదీ ఉంది, "కాకినాడలో బాంబులంట. పిల్లాణ్ణి బడికి పంపలేదు."

అంటే అన్న 1930లో పోయాడు, తమ్ముడు 1942లో బాంబుల నుంచి బతికి వచ్చాడు, బాంబులు ఇంటి పక్క దాకా వచ్చాయి, రెండు తరాలు గడిచేసరికి ఇద్దరు అన్నదమ్ములు ఒక్క రంగూన్ తాత అయిపోయారు. టీచర్ గారి నాన్నగారు పిల్లాడుగా చూసింది చిన్నతాత పుళ్ల కాళ్లతో రావడం, వాళ్ల నాన్న పోవడం ఆయనకి తెలిసే వయసు కాదు.

రిపోర్టులో ఏది ఎంతవరకు చెప్పానో కూడా రాస్తా, ఇలాంటి పని చేసేవాళ్లకి పనికొస్తుంది. తాత 1930 వైశాఖంలో రంగూన్‌లో పోయాడు అనేది గట్టిగా చెప్పాను: కూపన్లు ఆగడం, తిథి, పంచాంగం రాత, మూడూ వేరు వేరు చోట్ల నుంచి వచ్చి ఒకే నెల దగ్గర కలిశాయి. అల్లర్లలోనే చంపారు అని మాత్రం రాయలేదు. అమెరికాలో ఉన్న టీచర్ గారి తమ్ముడు ఫోన్లో, "అదే కదండీ అర్థం, రాసెయ్యండి" అన్నారు. ఆయన బాధ నాకు అర్థమైంది, కానీ కాగితంలో ఉన్నది "రంగూను కబురు" అనే రెండు మాటలే, జ్వరమైనా కావచ్చు, రేవులో ప్రమాదమైనా కావచ్చు. ఆ వారంలో ఆ రేవులో ఏం జరిగిందో వేరే పేరాలో రాసి, రెండిటి మధ్య గీత పెట్టి వదిలాను. వంశవృక్షంలో ఒకసారి ఎక్కిన మాట మళ్లీ దిగదు, పిల్లల పిల్లలు అదే చెప్పుకుంటారు.

పొలం కొన్నది నాయనమ్మ అనేది మాత్రం ఏ అనుమానం లేకుండా, పెద్దక్షరాల్లో రాశా.

స్కాన్లు మూడు చోట్ల ఉన్నాయి, టీచర్ గారి హార్డ్‌డిస్కు, తమ్ముడి డ్రైవ్, నా దగ్గర ఒక కాపీ. పంచాంగాలు, నోటు పుస్తకాలు ఆమ్లం లేని కాగితంలో చుట్టి అట్టపెట్టెల్లో పెట్టించాను, బీరువాలో కింద అర కాకుండా మధ్య అర, గోడకి ఆనకుండా, ఆర్నెల్లకోసారి తీసి చూడమని చెప్పా. మామగారి చిట్టా ఆవర్జాలు రెండు ఇంకా చదవలేదు, ఆ గొలుసుకట్టు నాకు సగమే అందుతోంది, పక్క ఊళ్లో కరణీకం చేసిన ఇంటి పెద్దాయన ఒకరు చదివి పెడతానన్నారు, చూపు తగ్గింది కాబట్టి పేజీలు పెద్దవిగా ప్రింట్ తీసి పట్టుకెళ్తున్నా.